ఎర్ర రాళ్ళకి ఇవతల

గ్వేజాన్, పెంజ్వీన్ కొండలు
నౌరోజ్ పండగ మంటలు ఆరిన వారం, 1994

సాలార్ గ్యాన్,

నా ప్రాణమా, నీ కళ్ళని ముద్దుపెట్టుకుని మీ అక్క హెరో రాస్తున్నది. ఇక్కడ మా అత్తకి మోకాళ్ళ నొప్పులు, మేకలకి దగ్గు, ఇంటికప్పుకి చెమ్మ. మిగతా అంతా బాగుంది.

నాకొక వస్తువు కావాలి. సైనికులు మెడలో వేసుకుని కొండలు చూసేవాళ్ళు చూడు, ఆ దుర్భిణీ. అంత పెద్దది వద్దు. నడుం గుడ్డలో దోపుకుంటే బయటికి తెలియనంత చిన్నది కావాలి. నువ్వు గడియారాలు, కళ్ళజోళ్ళు బాగుచేసే కొట్టు పెట్టుకున్నావు కాబట్టి నీకు తెలియని కంటి సామాను ఉండదు. మంచిది చూసి, మా ఊరికీ సులేమానియాకీ సరుకు తోలే హమె కాక బండిలో పంపు. మీ బావకి తెలియకూడదు. అత్తకి అసలే తెలియకూడదు, ఆవిడకి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది.

ఎందుకని అడుగుతావు. తోడేళ్ళు తిరుగుతున్నాయి, మేకల మీద కన్నేసి ఉంచాలి. అంతే.

చిక్కిపోయావని హమె కాక చెప్పాడు. పెళ్ళి చేసుకో, ఎవరైనా వండిపెడతారు.

నీ అక్క,
హెరో

*

సులేమానియా, గడియారాల బజారు

అక్కా గ్యాన్,

తోడేలు వస్తే కుక్కలు మొరుగుతాయి, మేకలు అరుస్తాయి, మీ అత్తగారు రెండిటినీ మించి అరుస్తుంది. దానికి దుర్భిణీ ఎందుకు? చిన్నప్పుడు అటక మీది తేనె తిని, చీమలు తినేశాయని చెప్పింది నువ్వే కదా. అప్పటికంటే నీకు అబద్ధమాడటం ఏమీ పట్టుబడలేదు.

సరే, అడగను. కానీ దుర్భిణీ కొనడమంటే చెప్పులు కొన్నట్టే, ఎవరి పాదానికో తెలియకుండా కొనలేం. అందుకని నువ్వు చెప్పాలి. చూడాల్సింది ఎంత దూరంలో ఉంది? కదిలేదా, ఒక్కచోట ఉండేదా? నువ్వు చూసేది ఎండలోనా, మసక వెలుతురులోనా? నీ చేతులు నిలకడగా ఉంటాయా?

ప్రతి దుర్భిణీ మీదా రెండు అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు దగ్గరికి లాగుతుందో చెబుతుంది. రెండోది ముందున్న అద్దం ఎంత వెడల్పో చెబుతుంది. బజారుకొచ్చే మగాళ్ళందరూ మొదటి అంకె పెద్దది కావాలంటారు, మీసాల కొలత లాగా. ఎంత దగ్గరికి లాగితే చేతి వణుకు కూడా అంత పెద్దదవుతుందని వాళ్ళకి తెలియదు. ముందరి అద్దం మరీ చిన్నదైతే ఎండ తగ్గేసరికి చీకటి గొట్టంలో చూసినట్టు ఉంటుంది. చిన్న దుర్భిణీలతో ఉన్న తంటా అంతా అక్కడే.

నిజం రాయి, అక్కా. నిజం తెలిస్తే మంచిది పంపగలను.

సాలార్

*

గ్వేజాన్

సాలార్ గ్యాన్,

తోడేళ్ళు లేవు. ఉన్నా నాకు వాటి భయం లేదు. నా భయమంతా మీ బావ గురించి.

మా ఇంటికప్పు మీద నిలబడితే ఎదురుగా కొండవాలు కనిపిస్తుంది, నువ్వు చూశావు. కిందటి శరత్కాలంలో మందుపాతరలు తీసేవాళ్ళు తెల్ల బండిలో వచ్చి, ఆ వాలుకి అడ్డంగా ఎర్ర రంగు పూసిన రాళ్ళు వరసగా పెట్టారు. రాళ్ళకి ఇవతల మనిషీ మేకా తిరగవచ్చు. అవతల యుద్ధం పాతిపెట్టి వెళ్ళినవన్నీ అలాగే ఉన్నాయి. మళ్ళీ వచ్చి తీస్తామన్నారు. తక్కిన లోయల్లో పని అయ్యాకట. ఇంకా రాలేదు.

రాళ్ళకి అవతలే మా మామగారి ద్రాక్షతోట ఉంది. తోట మొదట్లో, సైనికులు నరికేసిన అక్రోటు చెట్టు మొద్దు. మీ బావ టీ తాగేది ఆ మొద్దుని చూస్తూనే. పుట్టి పెరిగిన తోట కళ్ళెదుట ఉంది, వెళ్ళడానికి లేదు. గ్లాసులో టీ చల్లారిపోతుంది.

మొన్న పొరుగింటి రహ్మాన్ మామ ఆవు ఎర్ర రాళ్ళు దాటితే, తోలుకురావడానికి ఆయన వెనకే వెళ్ళాడు. ఆవు తిరిగొచ్చింది. మామ కాలు రాలేదు. మన మేక దాటితే మీ బావ కూడా ఆగడు, నాకు తెలుసు. మేకల్ని తోలుకెళ్ళింది మొదలు నా చెవులు కొండవైపే ఉంటాయి. ఎక్కడ రాయి దొర్లినా వాకిట్లోకి పరిగెడతాను. పిండి చేతుల్లోనే ఎండిపోతుంది. ఎర్ర రాళ్ళకి ఇవతలే ఉన్నాడని కళ్ళారా చూస్తే చాలు తమ్ముడూ, నా పని నేను చేసుకోగలను.

దూరం అడిగావు. అరిస్తే వినపడదు. పొద్దున పొగమంచులోనూ, సాయంత్రం ఎండ కొండ దిగాక కూడా చూడాలి. నా చేతులు మనం సరిహద్దుకి పారిపోయిన చలికాలం నుంచీ వణుకుతూనే ఉన్నాయి. టీ పళ్ళెంలోకి ఒలికిపోతుంటే అత్త చూసి, "ఏమే, భూకంపం నీ ఒక్కదానికేనా?" అంటుంది.

మీ బావకి చెప్పకు. పెళ్ళాం కాపలా కాస్తోందని టీకొట్టులో తెలిస్తే ఆ మగాళ్ళు ఆయన్ని బతకనివ్వరు.

హెరో

*

సులేమానియా

అక్కా గ్యాన్,

నీ ఉత్తరం చదివాక చేతిలో ఉన్న గడియారం స్క్రూ ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

ఊళ్ళో దొరికినవన్నీ తెప్పించాను. రష్యావాళ్ళది ఒకటి చాలా బాగుంది గానీ ఇటుకంత బరువు, నడుంలో దోపితే ఊరంతా నీకు కడుపనుకుంటుంది. పన్నెండు రెట్లు లాగేది ఒకటి దొరికింది. నేను కూడా దాన్ని నిలకడగా పట్టలేకపోయాను, ఇక నీ చేతుల్లో పెడితే కొండ గంతులేస్తుంది. ఇంకోటి చూడటానికి ముద్దొచ్చేలా ఉంది, కానీ రెండు గొట్టాలూ ఒక దారిలో లేవు. ఎడమ కన్ను ఒకటి చూస్తే కుడి కన్ను ఇంకోటి చూస్తోంది. అలాంటిది కాసేపు చూస్తే తలనొప్పి, రోజూ చూస్తే పిచ్చి.

చివరికి ఎనిమిది రెట్లు లాగేది, అద్దం ఇరవై అయిదు మిల్లీమీటర్లది దొరికింది. మడిస్తే అరచేతిలో ఇముడుతుంది. పెద్ద మసీదు మినార్ మీది కొంగ గూడుని చూస్తూ ఎండ పోయేదాకా వాకిట్లో నిలబడ్డాను. పక్క కొట్టు షెరీఫ్ ఊరుకుంటాడా? "ఏరా, పిల్లనెవరూ ఇవ్వట్లేదని కొంగకి లైనేస్తున్నావా?" అని బజారంతా వినేలా అరిచాడు. అరిస్తే అరవనీ. మసక పడ్డాక కూడా గూట్లో పిల్లల ముక్కులు కనిపించాయి. ఇదే నీది.

వాడకం జాగ్రత్తగా నేర్చుకో. ముందు కుడి కన్ను మూసి, ఎడమ కంటితో చూస్తూ మధ్య చక్రం తిప్పి బొమ్మని స్పష్టం చేసుకో. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం మీదున్న చిన్న ఉంగరం తిప్పు. మన రెండు కళ్ళూ ఒక్కలా ఉండవు, ఆ తేడాని సరిచేసేది ఆ ఉంగరమే. ఒకసారి కుదిరాక అక్కడ గోళ్ళరంగు చుక్క పెట్టుకో. అది నీ కంటి చోటు. ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. దూరం దగ్గరలకి మధ్య చక్రం ఒక్కటే తిప్పుకుంటే చాలు.

ఇంకొక మాట. సూర్యుడికి ఎదురుగా పెట్టకు. అద్దం తళుక్కుమని కొండల అవతలికి కూడా కనిపిస్తుంది. సరిహద్దు సైనికుడెవడైనా చూస్తే నిన్ను గూఢచారి అనుకుంటాడు.

టీ డబ్బాలో పెట్టి హమె కాకకి ఇచ్చాను. మోచేతులు పిట్టగోడకి ఆనించి చూడు, వణుకు తగ్గుతుంది.

సాలార్

*

గ్వేజాన్

సాలార్ గ్యాన్, నీ చేతులు చల్లగుండాలి,

చూశాను! ఆయన చెవి గోక్కోవడం కూడా కనిపించింది. కొండ మొత్తం మా కప్పు మీదికి వచ్చి కూర్చున్నట్టుంది.

నీకొక విషయం చెప్పనా? మీ బావ మేకలతో మాట్లాడతాడు. నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి, నల్లమేక ముందు చేతులు తిప్పుతూ అంత పొడుగు ఉపన్యాసం ఇస్తున్నాడు. అది గడ్డి నములుతూ వింటోంది. ఈ మేక ముందు నేనెందుకూ పనికిరాననుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక, "ఏంటే, అట్లా నవ్వుతున్నావ్?" అన్నాడు. "ఏం లేదు, మేకలు కులాసానా?" అన్నాను.

ఎర్ర రాళ్ళకి ఇవతలే ఉంటున్నాడు. మేకలు అటు తిరిగితే రాయి విసిరి మళ్ళిస్తున్నాడు. నేను లెక్కలేనన్ని భయాలు ఊరికే పడ్డాననిపిస్తోంది. రాత్రి నిద్రపట్టింది.

దుర్భిణీని గోధుమరవ్వ డబ్బాలో దాచాను. తెల్లారగానే నేను రహ్మాన్ మామ ఇంటి మట్టిపొయ్యి దగ్గర, వాళ్ళ కోడలు గులాలెతో కలిసి రొట్టెలు కాలుస్తాను. అదయ్యాక ఇంటికొచ్చి కప్పెక్కుతాను. ఒకటే చిన్న ఇబ్బంది. నువ్వు చెప్పిన ఉంగరం చుక్క దగ్గర నిలవడం లేదు. రోజూ సరిచేసుకుంటున్నాను, మర్నాటికి పక్కకి జరిగి ఉంటోంది. వదులైందేమో. దీన్ని బిగించడం ఎలాగో రాయి.

హెరో

*

సులేమానియా

అక్కా,

నేను చూసే పంపాను. ఆ ఉంగరం బిగువుగా ఉంటుంది, దానంతట అది జరగదు. రవ్వలో ఎంత దొర్లినా జరగదు.

పొద్దున డబ్బాలోంచి తీయగానే దేన్నీ కదపకుండా ఒక్కసారి చూడు. ఉంగరం ఎటువైపు, ఎంత జరిగి ఉంటోంది? మధ్య చక్రం ఎక్కడ ఉంటోంది? అద్దాలు శుభ్రంగా ఉంటున్నాయా? ఇది తప్ప ఇంకేమీ రాయకపోయినా సరే, ఇది మాత్రం రాయి.

సాలార్

*

గ్వేజాన్

సాలార్ గ్యాన్,

నువ్వు చెప్పినట్టే చూశాను. ఉంగరం కుడి చేతివైపు బాగా జరిగి ఉంటోంది, బొటనవేలి గోరంత. ప్రతిసారీ అక్కడికే. మధ్య చక్రం ఒక చివరికి, ఇక తిరగనంత దూరం తిప్పేసి ఉంటోంది. నేను కొండని చూడాలంటే వెనక్కి చాలాసేపు తిప్పాలి. మడత దగ్గర గడ్డిగింజలు ఇరుక్కున్నాయి, గొట్టాలకి తడిమట్టి. అత్త కనిపెట్టి ఆడుకుంటోందనుకుంటాను. అడిగితే ఒప్పుకోదు, అడగకపోతే నాకు ఆగదు.

మీ బావ ఈమధ్య మంచి హుషారుగా ఉన్నాడు. టీ వేడిగా తాగుతున్నాడు. నిన్న తువ్వాలు నిండా లేత ద్రాక్షాకులు తెచ్చి ఒళ్ళో పోసి, "యాప్రాఖ్ చెయ్యవే, నోరు చచ్చిపోయింది" అన్నాడు. ఎక్కడివంటే రహ్మాన్ మామ పెరట్లోవన్నాడు. ఎంత లేతగా ఉన్నాయో, బియ్యం చుడుతుంటే పట్టులా మడత పడ్డాయి. నీకు ఇష్టమని ఒక గిన్నెడు హమె కాకతో పంపుతున్నాను. చల్లారినా బాగుంటుంది, వేడి చేసి పాడుచెయ్యకు.

హెరో

*

సులేమానియా

అక్కా,

ముందు గిన్నె తెరిచి తిన్నాను. తర్వాత ఉత్తరం చదివాను. ఇప్పుడు చేతులు కడుక్కుంటున్నాను, కడుక్కుంటూనే ఉన్నాను.

రహ్మాన్ మామ పెరట్లో ద్రాక్షతీగ ఉందా? నేను వచ్చినప్పుడు అక్కడ ఉల్లిమడి తప్ప ఏమీ లేదు.

నీ పెళ్ళయిన ఏడాది బావ కళ్ళు పరీక్షించింది నేనే. కుడి కన్ను మసక. ఆయనకి చేసిన కళ్ళజోడు పెట్టుకోకుండా అటక మీద పడేశాడు, కానీ ఆ కొలత నాకు గుర్తుంది. నువ్వు రాసిన చోటు ఆ కొలతే. ఉంగరం జరగడం లేదు అక్కా, బావ జరుపుతున్నాడు.

ఇక మధ్య చక్రం సంగతి. దూరం చూసేవాడు దాన్ని అటు తిప్పుతాడు. ఇటు చివరిదాకా తిప్పి ఉందంటే, ఆఖరున చూసినవాడు నాలుగడుగుల దూరంలో ఉన్నదాన్ని చూశాడని అర్థం. నాలుగడుగుల్లో ఉన్నదాన్ని ఎవరైనా దుర్భిణీతో చూస్తారా? పాదం పెట్టబోయే చోటుని చూసుకునేవాడు చూస్తాడు. గడ్డిలో దారంకన్నా సన్నటి తీగ కోసం వెతికేవాడు చూస్తాడు.

నువ్వు రొట్టెలు కాల్చే వేళకి బావ తోటలోకి వెళ్తున్నాడు, నువ్వొచ్చేలోగా దాన్ని డబ్బాలో పెట్టేస్తున్నాడు.

నేనే ఎంచి పంపాను. అంత దగ్గర కూడా చూపిస్తుందని మెచ్చుకుని మరీ కొన్నాను. అక్కా, ఆ వస్తువు గడ్డిని చూపిస్తుంది. మట్టి కిందది చూపించదు. వాన పడితే, మంచు కరిగితే వాలు మీది మట్టి జారుతుంది, దాంతోపాటు అవీ జారతాయి. నిన్న అడుగు వేసిన చోట ఇవాళ ఏముంటుందో ఎవరికీ తెలియదు.

దాచేస్తే దుర్భిణీ లేకుండానే వెళ్తాడేమోనని భయంగా ఉంది. ఆయన లోపల ఉండగా చూస్తే అరవకు. అరిస్తే తిరిగి చూస్తాడు, తిరిగితే కాలు పక్కన పడుతుంది. ఊరికే కనపడేలా నిలబడు. వాగు పొంగి మీవైపు బండ్ల దారి తెగిందని డ్రైవర్లు అంటున్నారు. దారి తెరుచుకోగానే వస్తాను. కంచరగాడిదలతో కొండ దాటేవాళ్ళ చేతికిస్తున్నాను, ముందు ఈ ఉత్తరం నీకు చేరితే బాగుండు.

సాలార్

*

గ్వేజాన్

సాలార్ గ్యాన్,

బతికే ఉన్నాడు. ముందు అది చెప్పాలి కదా.

నీ ఉత్తరం అందిన మర్నాడు పిండిపళ్ళెం గులాలెకి ఇచ్చి, కడుపునొప్పని చెప్పి ఇంటికొచ్చాను. డబ్బాలో రవ్వ మాత్రమే ఉంది. కప్పెక్కాను. పొగమంచు విడిపోతోంది. ఉత్త కళ్ళకి ఆ వాలు మీద ఏ మనిషీ కనపడలేదు. అప్పుడే ఎండ పడింది, ఎర్ర రాళ్ళకి చాలా పైన ఏదో తళుక్కుమంది. కాస్త ఆగి మళ్ళీ తళుక్కుమంది, కొంచెం పక్కగా. సైనికుడు చూస్తాడని నువ్వు నన్ను హెచ్చరించిన ఆ తళుకు.

కొండెక్కేటప్పుడు నా నోట్లో నా తలగుడ్డ అంచే కుక్కుకున్నాను, అరుస్తానేమోనని. రాళ్ళ దగ్గర నిలబడ్డాను. ఆయన వంగి, దుర్భిణీ కళ్ళకి పెట్టుకుని, ఒక్కో అడుగు ముందు గడ్డినంతా వెతుక్కుంటూ నడుస్తున్నాడు. తల ఎత్తినప్పుడు నన్ను చూశాడు. దుర్భిణీ నావైపు తిప్పి, మధ్య చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతూనే ఉన్నాడు. ఎంతసేపు తిప్పాలో నాకు తెలుసు కదా. నా మొహం ఆయనకి స్పష్టంగా ఎప్పుడు కనిపించిందో కూడా తెలిసింది, ఆయన చేతులు కిందికి జారిపోయాయి.

వచ్చిన దారినే వెనక్కి వచ్చాడు. ఆయన కాలు పైకెత్తినప్పుడల్లా నేను చచ్చాను, కింద పెట్టినప్పుడల్లా బతికాను. రాళ్ళు దాటగానే రెండు పిడికిళ్ళతో ఆయన గుండె మీద కొట్టాను.

"కొట్టవే, కొట్టు. తీగలు చిగురేశాయే హెరో! మా నాన్న నాటినవే. నరకడం కూడా సరిగ్గా రాలేదు ఆ వెధవలకి."

"నువ్వు ముక్కలైతే ఆ చిగుళ్ళు నాకెందుకు?"

"నీ తమ్ముడు భలే సామాను పంపాడే. తీగ మీద మంచుబొట్టు కూడా కనపడతాంది."

ఆ మాటకి మళ్ళీ కొట్టాను.

ఇంటికొచ్చాక అత్త ముందు రొట్టె పెట్టి, చెయ్యి వేయించాను. "ఎర్ర రాళ్ళు దాటి అడుగు వెయ్యను. వేస్తే ఈ రొట్టె నా కళ్ళు తీసెయ్యాలి" అన్నాడు. అత్త కళ్ళొత్తుకుని, "ఇక భయపడకే పిల్లా. రొట్టె మీద ఒట్టు తప్పినవాడు మా ఇంట్లో పుట్టలేదు" అంది. అది నిజం. ఆయన మొండివాడు గానీ మాట తప్పడు.

దుర్భిణీ ఇప్పుడు పగలూ రాత్రీ నా నడుంలోనే ఉంది. ఉంగరం చుక్క మీద నిలబడి ఉంది.

హెరో

*

సులేమానియా

అక్కా గ్యాన్,

నీ ఉత్తరం బజారు మధ్యలో నిలబడి చదివాను. షెరీఫ్ నా మొహం చూసి ఎవరు పోయారురా అన్నాడు. ఎవరూ పోలేదని చెబుతుంటే ఏడుపొచ్చింది. కొట్టు మూసి నాకు టీ తాగించాడు, ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

మందుపాతరలు తీసేవాళ్ళు ఉండే చోటికి వెళ్ళి అడిగాను. ఒక పెద్దమనిషి మీ ఊరి పేరు రాసుకున్నాడు. ఈ నెలలో కుదరదన్నాడు. రోజూ వెళ్ళి వాళ్ళ గుమ్మంలో కూర్చుంటాను, విసుగొచ్చయినా వస్తారు.

బావకి చెప్పు, నేనొచ్చినప్పుడు ఆ ఉపన్యాసం నల్లమేక బదులు నాకివ్వమని. యాప్రాఖ్ మాత్రం ఇక నాకు వద్దు. ఆ ఆకు రుచి ఇంకా నోట్లోనే ఉంది. నాకు అన్నిటికంటే భయం వేసింది అది బాగున్నందుకే.

దారి తెరుచుకుంది. శుక్రవారం బయల్దేరతాను.

సాలార్

*

గ్వేజాన్

సాలార్,

హమె కాక బండి వాకిట్లో ఉంది, హారన్ కొడుతున్నాడు. శుక్రవారం దాకా ఆగకు. ఆ తెల్ల బండివాళ్ళని కాళ్ళు పట్టుకునైనా ఇవాళే తీసుకురా.

ఇన్ని రోజులూ పొద్దునా సాయంత్రం చూస్తూనే ఉన్నాను. మాట నిలబెట్టుకున్నాడు, ప్రతిసారీ ఎర్ర రాళ్ళకి ఇవతలే కనిపించాడు. నడుం నొప్పంటే నూనె రాశాను. మేకలు కాసేవాడికి నడుం నొప్పేమిటని అడగలేదు. ఇవాళ కప్పెక్కి చూస్తే హాయిగా కూర్చుని రొట్టె తింటున్నాడు. రాళ్ళ వరస ఆయన వెనక, పైన ఉంది. ఇవతలే ఉన్నాడులే అనుకున్నాను. దిగబోతూ మళ్ళీ చూశాను. ఆయన ఆనుకుని కూర్చున్నది అక్రోటు మొద్దుకి.

తమ్ముడూ, మీ బావ ఎర్ర రాళ్ళు దాటలేదు. రాళ్ళనే పైకి జరుపుకుంటూ వెళ్ళాడు. దుర్భిణీ కూడా లేకుండా, తనకి తోచినంత మేర వెతికి, వెతికిన చోటల్లా రాళ్ళు ముందుకి మోసుకెళ్ళి పెట్టాడు. రొట్టె మీద ఒట్టు ఒట్టుగానే ఉంది.

రహ్మాన్ మామకి చెప్పాను, పిల్లలెవరినీ గడప దాటనివ్వద్దని. కానీ గులాలె రొట్టెలవగానే బుట్ట పట్టుకుని అడవికూర కోసం కొండెక్కింది. ఇప్పుడు సగం వాలు మీద ఉంది, కొత్త రాళ్ళకీ పాత చోటుకీ మధ్య గడ్డిలోకి వెళ్తోంది. రాళ్ళు ఎక్కడుంటే అక్కడిదాకా భయం లేదని దానికి చెప్పింది నేనే. గాలి ఇటే వీస్తోంది, ఎంత అరిచినా వినపడదు. మీ బావ చూసినా ఆపడు, తను వెతికిన చోట భయం లేదనే ఆయన నమ్మకం. ఆపాలంటే దాని దారికి అడ్డంగా, ఆ గడ్డిలోంచే వెళ్ళాలి.

నాకు చాలా భయంగా ఉంది సాలార్. అక్షరాలు వంకర పోతున్నాయి, నీకు చదవడానికి వస్తోందో లేదో. మోచేతులు ఆనించడానికి అక్కడ గోడ ఉండదు.

మధ్య చక్రం చివరిదాకా తిప్పాను. గడప దగ్గర నిలబడి ఒకసారి కిందికి చూశాను. నువ్వు మంచిదే ఎంచావు తమ్ముడూ. నా చెప్పుల ముందున్న గడ్డి ఒక్కో పోచా కనిపిస్తోంది.

వెళ్తున్నాను.

హెరో